అత్తయ్య తాగిన పాలు

వదినా,

మీరు, అన్నయ్య, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం ముగ్గురం ఉన్నాం. ముగ్గురేమిటి అని లెక్క చూసుకోకండి. మీ మాట విని మేకని కొనేశాను. అది వచ్చి తొమ్మిది రోజులైంది.

ఈ కాలంలో ఉత్తరమేమిటి, ఫోన్ చేయొచ్చు కదా అని మీరు నవ్వుతారు. మన ఇల్లు రెండు గదులు. అత్తయ్యకి కళ్ళు మందగించాయి గానీ చెవులు మాత్రం రోజురోజుకీ పదునెక్కుతున్నాయి. నేను పెరట్లో గుసగుసలాడినా లోపలినుంచి జవాబు వస్తుంది. అందుకని లాండ్రీలో, తిండికి వదిలిన అరగంటలో, మడతల బల్ల మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. గంజి మరకలుంటే ఏమీ అనుకోకండి.

అత్తయ్య కడుపుకి ఆవు పాలూ పడటం లేదు, గేదె పాలూ పడటం లేదు, మేకపాలు ఇచ్చి చూడమని డాక్టరు అన్నాడని మీకు చెప్పడం నా తప్పే. "పెరడు ఉందిగా, ఒక మేకని కట్టేసుకో" అని మీరు నాలుగో అంతస్తులో కూర్చుని చాలా తేలిగ్గా అనేశారు. మేకని కట్టేసుకోవడం తేలికే వదినా. దాని వెనకాల మనల్ని మనం కట్టేసుకోవడమే కష్టం.

అమ్మినాయన స్టేషనులో మూటలు మోసి మానేసిన మనిషి. కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడట. మేం చూడటానికి వెళ్ళిన రోజు పొదుగు నిండుకుండలా ఉంది. "రెండు పూటలా కలిపి రెండు లీటర్లు ఎక్కడికీ పోవమ్మా" అన్నాడు. "కానీ దీన్ని వెనకనుంచే పితకాలి. పక్కన కూర్చుంటే తంతుంది." పీట ఎక్కడ వేసుకోవాలో కూడా చూపించాడు. మేక వెనక కూర్చుని కుడిచేత్తో కుడి చన్ను, ఎడమచేత్తో ఎడమ చన్ను పట్టుకోవాలి. చూస్తుంటే ఎంత సులువుగా ఉందో!

ఇంటికొచ్చాక రెండు రోజులు మేత ముట్టలేదు. దాని పిల్లని ఆయన ముందే వేరేవాళ్ళకి ఇచ్చేశాడట. తలుపు చప్పుడైతే చాలు, పిల్ల వచ్చిందేమోనని మెడ చాచి ఒకటే అరుపు. మూడో రోజుకి పెంటికలు వేయాల్సింది నీళ్ళలా పోసింది. మళ్ళీ ఆయన దగ్గరికి పరుగెత్తాను. మేత మారితే అంతే, పచ్చిది తగ్గించి ఎండుగడ్డి పెట్టమన్నాడు. పెట్టాను, సర్దుకుంది. అసలు చిక్కు పాల దగ్గరే. పొదుగులో పాలున్నాయని చేతికి తెలుస్తూనే ఉంది, కానీ చేపదు. బిగబట్టుకుని నిలబడుతుంది. నా చేతులకి ఈ లాండ్రీ బ్లీచింగు వాసన ఎంత తోమినా పోదు కదా, అదే కారణమనుకుని తవుడుతో చేతులు రుద్దుకుని కూర్చుంటున్నాను. ఇప్పుడు కాస్త నయం. నాలుగు ధారలు వస్తాయి, ఐదోదానికి కాలు గిన్నెలో పెడుతుంది.

దానికి అత్తయ్యే పేరు పెట్టారు. వచ్చిన దగ్గర్నుంచీ బకెట్టు, తలుపు, నా చెప్పులు, అన్నీ వాసన చూసి గానీ ఊరుకోవడం లేదని, "ఇదెక్కడి ఇన్‌స్పెక్టరమ్మ!" అన్నారు. ఈ నెలలో ఆవిడ నా ముందు అన్న మాటల్లో అదే పెద్దది.

పొద్దున ఒకటిన్నర గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు వస్తున్నాయి. కాచి అత్తయ్యకే ఇస్తున్నాను. నాకు మేకపాల వాసన గిట్టదు, నేను నల్ల టీతో సరిపెట్టుకుంటాను. కడుపులో మంట తగ్గిందని ఆవిడ చెప్పలేదు గానీ మూలుగు వినిపించడం లేదు కనుక తగ్గిందనే అనుకుంటున్నాను. గ్లాసు ఇచ్చాక నేను అక్కడే నిలబడతాను. పందొమ్మిదేళ్ళుగా ఈ ఇంట్లో నేను వండింది ఆవిడ నోట్లో పెట్టుకునేటప్పుడు పక్కన నిలబడి చూడటం నాకు అలవాటు. ఎందుకో మీకు తెలుసు.

పొద్దున నాలుగున్నరకి లేస్తున్నాను. పెరడు ఊడ్చి, పాలు పితికి, అత్తయ్యకి స్నానం చేయించి, ఆవిడకి మధ్యాహ్నానికి కావలసింది మంచం పక్కన పెట్టి, లాండ్రీకి నడక. ఆసుపత్రి దుప్పట్లు రోజుకి రెండొందలు. సాయంత్రం వస్తూ ఒక మోపు మేత. మళ్ళీ పొదుగు, మళ్ళీ గిన్నె, మళ్ళీ ఇన్‌స్పెక్టరమ్మ కాలు. మీ తమ్ముడు పోయిన ఈ మూడేళ్ళలో ఇంత అలసట ఎప్పుడూ లేదు. పడుకుంటే నిద్ర పట్టినట్టు ఉండదు, గోతిలో పడినట్టు ఉంటుంది.

ఉంటాను మరి. గంట కొట్టారు.

మీరంతా పెట్టిన పేరే రాస్తున్నాను,
మీ ఉప్పుపిల్ల

*

వదినా,

మీ జవాబు అందింది. మేకకి ఫోటో తీసి పంపమని పిల్లలు అడుగుతున్నారని రాశారు. ఈసారి మిమ్మల్ని నవ్వించే ఓపిక నాకు లేదు. ఈ ఉత్తరం మీరొక్కరే ఉన్నప్పుడు చదవండి.

ముందు మేక సంగతి. నాలుగైదు రోజులుగా కుడి చన్ను ముట్టుకుంటే చాలు, ఎగిరి తంతోంది. పాలు తగ్గాయి. మొన్న కాస్తుంటే విరిగిపోయాయి. గిన్నె సరిగా కడగలేదనుకుని పారబోశాను. నిన్న విరగలేదు. దాణా మానదు గానీ ఒళ్ళు విరుచుకోవడం, గోడకి తల ఆనించుకుని నిలబడటం. దానికీ నాలాగే విసుగొచ్చిందేమోనని ఊరుకున్నాను.

ఇక అత్తయ్య. పాలగ్లాసు అందుకుంటారు, కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో తాగేస్తారు, గ్లాసు టక్కున కింద పెడతారు. ఆ తర్వాత నావైపు ఒక చూపు చూస్తారు. అది ఏం చూపో నాకు అర్థం కాదు. "బాగున్నాయా అత్తయ్యా?" అని అడిగితే, "నువ్విచ్చినవి బాగుండకపోతే ఎలా" అన్నారు. ఎలా అన్నారో మీరు వినలేదు కాబట్టి మీకు మామూలు మాటలాగే ఉంటుంది. నాకు ఒళ్ళు మండింది. తెల్లవారుజామున లేచి, తన్నులు తిని, నాలుగు చుక్కలు పితికి, కాచి చేతికందిస్తే ఆ మాట!

ఇప్పుడు నేను ఎన్నడూ ఎవరితోనూ అనని సంగతి రాస్తాను. నన్ను ఆ పేరుతో పిలవకండి. పోయిన ఉత్తరంలో నేనే సంతకం పెట్టాను, నిజమే. పందొమ్మిదేళ్ళు అలాగే పెట్టాను. కానీ పెట్టిన ప్రతిసారీ నాకు ఆ రోజే గుర్తొస్తుంది.

నేను కాపురానికొచ్చిన ఎనిమిదో రోజు. మీ పెద్దమ్మ, పెద్దనాన్న, వాళ్ళ పిల్లలు, మీరు, అందరూ కలిపి ఇరవైమంది భోజనానికి. కూర నన్నే వండమన్నారు. వండాను. ఉప్పు వేశాను, రుచి చూశాను, సరిపోయింది. మూత పెట్టి నీళ్ళు తేవడానికి వెళ్ళాను. వడ్డించాక మీ పెద్దనాన్న మొదటి ముద్దకే మొహం చిట్లించారు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అత్తయ్య లేచి, "మా కోడలికి ఉప్పుకీ చక్కెరకీ తేడా తెలీదు, వాళ్ళింట్లో నేర్పలేదు" అని గిన్నె ఎత్తుకెళ్ళి కాలవలో కుమ్మరించారు. అందరూ నవ్వారు. మీరూ నవ్వారు వదినా. సాయంత్రానికల్లా నేను ఉప్పుపిల్లనైపోయాను.

నేను రుచి చూశానని, అప్పుడు కూర బాగానే ఉందని మీ తమ్ముడికి మాత్రం చెప్పాను. "పోనీలే, మర్చిపో" అన్నారు ఆయన. నేనూ మర్చిపోదామనే చూశాను. నా నాలుకే నన్ను మోసం చేసిందేమో అని ఎన్నేళ్ళు అనుకున్నానో మీకు తెలియదు. ఈనాటికీ ఏది వండినా మూడుసార్లు రుచి చూస్తాను. మీ తమ్ముడు పోయిన రోజు గుమ్మంలోకి ఎవరో వచ్చి, "ఏదీ, ఉప్పుపిల్ల ఎక్కడుంది?" అని అడిగారు. పరామర్శకే అడిగారు, ప్రేమగానే అడిగారు. లోపల ఆయన పక్కన కూర్చున్న నేను ఆ మాట విన్నాను.

ఇంకొకటి కూడా దాచాను. నా కుడిచెయ్యి పనిచేయడం లేదు. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు తిమ్మిరెక్కి మొద్దుబారిపోతున్నాయి. పద్నాలుగేళ్ళు ఇస్త్రీపెట్టె పట్టిన చెయ్యి కదా. రెండు నెలల కిందట పెట్టె జారి దుప్పటి కాలింది. సూపర్‌వైజరు కేకలు వేయలేదు, నన్ను ఇస్త్రీనుంచి తీసి మడతలకి వేశాడు. కేకలు వేసినా బాగుండేది. మడతల్లోనూ తడబడితే ఇక ఇంటికి పంపించడమే. ఇంట్లో చెంచా జారిపోతే అత్తయ్య వినకుండా కాలుతో ఆపుతున్నాను. ఆవిడకి తెలిస్తే, ఆ చేత్తో తనని లేపుతున్నానని భయపడతారు. లేదా ఒక మాట అంటారు. ఏది జరిగినా నేను తట్టుకోలేను.

అందుకని అడుగుతున్నాను. ఈ నెలాఖరుకి అత్తయ్యని మీరు తీసుకెళ్ళండి. మీ ఇంట్లో లిఫ్టు ఉంది, పక్కనే ఆసుపత్రి ఉంది. మీరు కన్నకూతురు. నేను చేయగలిగినంత చేశాను, ఇక నా వల్ల కాదు. ఆ మాట ఆవిడ మొహం మీద అనే ధైర్యం నాకు లేదు. మీకే అమ్మని దగ్గర పెట్టుకోవాలని ఉన్నట్టు మీరే ఫోన్ చేసి చెప్పండి. మేకని కూడా ఎవరికైనా ఇచ్చేస్తాను.

తప్పుగా రాసి ఉంటే క్షమించమని అడగాలి. ఇవాళ అది కూడా అడగాలనిపించడం లేదు.

మీ తమ్ముడి భార్య

*

వదినా,

మీరు అత్తయ్యకి ఫోన్ చేశారని, నెలాఖరు ఆదివారం కారు తీసుకుని వస్తున్నారని రాసిన ఉత్తరం అంది పది రోజులైంది. "నేను నవ్వానా? నాకు గుర్తే లేదు, గుర్తు లేకపోవడమే ఇంకా తప్పు" అని రాశారు. ఆ ఒక్క ముక్క నాలుగుసార్లు చదువుకున్నాను. జవాబు ఆలస్యమైంది. మీరు బయల్దేరే లోపల జరిగిందంతా రాయాలి, కాస్త ఓపిగ్గా చదవండి.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడు పొద్దున ఇన్‌స్పెక్టరమ్మ లేవలేదు. నెమరు లేదు, చెవులు కాలిపోతున్నాయి. తవుడు మూతి దగ్గర పెడితే మొహం తిప్పుకుంది. లాండ్రీకి కబురు పంపి పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ వయసులో చిన్నది, మీ పెద్దపిల్ల కంటే నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. స్కూటరు మీద నా వెంటే వచ్చింది. పెరట్లో గొంతుక్కూర్చుని పొదుగు తడిమింది. ఎడమసగం మెత్తగా ఉంది, కుడిసగం చెక్కలా గట్టిపడి వేడిగా ఉంది. కుడి చన్ను ఒకసారి పిండి తన నల్ల చెప్పు మీద పడేలా చూసింది. పాలల్లో పెరుగు పలుకుల్లాంటి తెల్లటి తరకలు.

"పొదుగువాపు. ఇది నిన్న మొన్న మొదలైంది కాదమ్మా" అంది. "ఈ పాలు ఎవరు తాగుతున్నారు?"

"మా అత్తయ్య."

"ఉప్పగా ఉన్నాయని అనలేదా ఆవిడ?"

ఎందుకలా అడిగిందో ఆమే చెప్పింది. పొదుగు చెడుతుంటే పాలు రంగు మారకముందే ఉప్పెక్కుతాయట. ఒక్క గుక్క తాగినవాళ్ళెవరికైనా తెలిసిపోతుందట. నేను ఒక్కరోజూ తాగి చూడలేదు. ఇంట్లో ప్రతిదీ మూడుసార్లు రుచి చూసే నేను, వాసన గిట్టదని పాలని మాత్రం వదిలేశాను.

గుమ్మంలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "ఉప్పగానే ఉన్నాయమ్మా. పన్నెండు రోజులుగా."

"మరి చెప్పలేదేం మామ్మగారూ? కాచి తాగారు కాబట్టి సరిపోయింది. ముందే చెప్పి ఉంటే మేకకి ఇంత బాధ ఉండేది కాదు" అంది డాక్టరమ్మ.

అత్తయ్య తలుపు తడుముకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

డాక్టరమ్మ మందు ఎక్కించి, చేతులు కడుక్కుంటూ నన్ను అడిగింది. "మీరు దీన్ని వెనక కూర్చుని పితుకుతారా? ఏదీ, మీ కుడిచెయ్యి." నేను ఇవ్వకముందే పట్టుకుని బొటనవేలి మొదట్లో నొక్కింది. నాకు తెలియకుండానే కేక వచ్చింది. "ఈ చేతిలో పట్టు లేదు. ఈ చేత్తో పితికిన సగంలో రోజూ పాలు మిగిలిపోతున్నాయి. అలా నిలవుండబట్టే వాపు పుట్టింది. మీ చెయ్యి సంగతి ఇంట్లో ఎవరికైనా తెలుసా?" నేను తల అడ్డంగా ఊపాను. ఆ పిల్ల నావైపు, గుమ్మంవైపు, మేకవైపు చూసి, "ఈ ఇంట్లో నోరు తెరిచి బాధ చెప్పుకున్నది ఇదొక్కటేనన్నమాట" అంది.

ఆమె వెళ్ళాక లోపలికి వెళ్ళాను. అత్తయ్య మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నారు. నాకు భయమూ వేసింది, కోపమూ వచ్చింది. "పన్నెండు రోజులు ఉప్పు పాలు తాగుతూ ఒక్క మాట అనరా? అన్నిటికీ అంటారుగా, దీనికి అనడానికేమైంది?" అన్నాను. పందొమ్మిదేళ్ళలో ఆవిడ మీద గొంతెత్తడం అదే మొదలు.

"నువ్వే వేస్తున్నావనుకున్నా" అన్నారు.

"నేనా? పాలల్లో ఉప్పా? నాకేమైనా పిచ్చా?"

"నీకు తెలిసిపోయిందనుకున్నా."

"ఏం తెలియడం?"

గోడవైపు నుంచి తిరగకుండానే చెప్పారు. ఆవిడ మాటలు ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను. "ఆ రోజు కూరలో నువ్వేసిన ఉప్పు సరిపోయింది. నువ్వు నీళ్ళకెళ్ళావు. నేనొచ్చి మూత తీశా. కొత్తపిల్ల, ఇంతమందిని చూసి కంగారులో మర్చిపోయుంటుందిలే అని ఒక గుప్పెడు వేసేశా. రుచి చూడలేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక తెలిసింది. అందరూ నావైపే చూస్తున్నారు. నేనే వేశానని చెప్పడానికి నోరు రాలేదు. నోరు రాకపోగా ఆ మాటన్నా. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటుంటే నీకు పేరు పడిపోయింది. పేరు పడ్డాక చెప్తే నా పరువు పోతుందని ఊరుకున్నా. మొన్న పాలు ఉప్పగా తగిలాయి చూడు, అప్పుడనుకున్నా, దీనికెలాగో తెలిసింది, ఇన్నాళ్ళకి నా వంతొచ్చిందిలే అని. తాగేశా. ఏ మొహం పెట్టుకుని అడగను?"

వదినా, మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేను ఆవిడని దగ్గరికి తీసుకోలేదు. ఫరవాలేదనలేదు. పెరట్లోకి వెళ్ళి మేక వెనక కూర్చుని, ఎడమచేత్తో ఆ కుడి చన్ను పిండుతూ ఏడ్చాను. నేను రుచి చూశాను, కూర బాగుంది, నా నాలుక నన్ను మోసం చేయలేదు. ఆ ఒక్క మాట వినడానికి పందొమ్మిదేళ్ళు పట్టింది. చెప్పడానికి మీ తమ్ముడు కూడా లేరు. కోపం ఎంత వచ్చిందంటే, మీరు ఆదివారం దాకా ఆగకుండా ఆ సాయంత్రమే వచ్చి ఆవిడని తీసుకెళ్తే బాగుండనిపించింది.

అంతలో వెనక చెంబు చప్పుడైంది. అత్తయ్య గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చారు, ఒక చేతిలో వేణ్ణీళ్ళ చెంబు, భుజం మీద గుడ్డ. "కాపడం పెట్టాలని చెప్పింది కదా ఆ పిల్ల. జరుగు" అన్నారు. నేను జరిగాను. పీట మీద కూర్చుని, గుడ్డ తడిపి, పిండి, పొదుగుకి అదిమి పట్టుకున్నారు. మేక కాలెత్తింది. "ఊఁ ఊఁ" అన్నారు, అంతే. కాలు దించేసింది. తర్వాత చన్ను పట్టుకుని పైనుంచి కిందికి, ఒక్కొక్క వేలే ముడుస్తూ పితికారు. నేను నెలనాళ్ళు పడ్డ పాట్లకి నాకే సిగ్గేసింది. "మీకు ఇది వచ్చా?" అని అడిగాను. "చిన్నప్పుడు మా ఇంట్లో ఆరు మేకలు" అన్నారు. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అంటే, "కళ్ళు కనపడని దాన్ని, నన్ను నమ్ముతావా అనుకున్నా. అయినా పితకడానికి కళ్ళెందుకే" అన్నారు.

మూడు గంటలకోసారి ఆ కుడిసగం ఖాళీ చేయాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నాకు లాండ్రీ ఉంది. ఆ పని అత్తయ్యే చేశారు, ఐదు రోజులూ. గోడనుంచి పెరటి గుంజ దాకా నేను ఒక తాడు కట్టాను, అది పట్టుకుని వెళ్ళేవారు. మందు పడినన్నాళ్ళూ, ఆ తర్వాత ఇంకో నాలుగు రోజులూ రెండు సగాల పాలూ గుంట తీసి పారబోశాం. ఆ రోజుల్లో అత్తయ్య గంజి తాగి సరిపెట్టుకున్నారు. మేక బతికింది. కుడిసగం మాత్రం ఈ ఈతకి ఇక పాలివ్వదట, వచ్చే ఈతకి చూడాలట. ఎడమసగం రోజుకి రెండు గ్లాసులిస్తుంది, అత్తయ్యకి చాలు.

మధ్యలో ఒకరోజు ఊడుస్తుంటే మంచం కింద సంచి తగిలింది. నాలుగు జతల బట్టలు, కళ్ళద్దాల పెట్టె, గోడ మీద ఉండాల్సిన మా పెళ్ళి ఫోటో. మీరు ఫోన్ చేసిన రోజే సర్దుకున్నారట. "నన్ను రమ్మనాలన్నది నా కూతురి ఆలోచన కాదని నాకు తెలుసులే. అడిగింది నువ్వు, అడగడం న్యాయమే" అన్నారు. ఫోటో ఎందుకు తీశారని అడిగాను. "వాడిది విడిగా ఏదీ బాగా లేదు. ఇందులో నువ్వూ ఉన్నావు" అన్నారు. నేను ఆ ఫోటో మళ్ళీ మేకుకి తగిలించాను. సంచి మాత్రం విప్పలేదు, ఆవిడా విప్పలేదు. మూడో రోజు నేనే అడిగాను, ఉంటారా, వెళ్తారా అని. "మేకకి మందు సగంలో ఉండగా ఎట్లా కదుల్తాను" అన్నారు. మందు అయిపోయాక మళ్ళీ అడిగాను. "ఇప్పుడు పితకడానికి నీకు చెయ్యి లేదు కదా" అన్నారు. ఆ సాయంత్రం నేను సంచి విప్పి బట్టలు అల్మారాలో పెట్టేశాను.

కాబట్టి మీరు ఆదివారం రండి. కారూ తీసుకురండి. కానీ అత్తయ్యని కాదు, ముందు నన్ను ఎక్కించుకుని చేతి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఒంటరిగా వెళ్ళాలంటే భయంగా ఉంది. ఆ తర్వాత మాట, ఏడాదికి రెండు నెలలు అత్తయ్యని మీరు ఉంచుకోవాలి. నేను బతిమాలడం లేదు, చెప్తున్నాను. అలసట పోయిందని అనుకోకండి. పోలేదు. ఆవిడ మీద కోపం కూడా పూర్తిగా పోలేదు, పనిచేస్తుంటే ఉన్నట్టుండి గుర్తొచ్చి చీపురు విసిరేయాలనిపిస్తుంది. అలా అనిపించినప్పుడు ఇప్పుడు ఆవిడతోనే అంటున్నాను. "అను, అను" అంటారు.

అత్తయ్య మీకు ఒక మాట రాయమన్నారు. ఆ రోజు కూరలో ఉప్పు రెండోసారి వేసింది తనేనన్న ముక్క అన్నయ్యకీ పిల్లలకీ గట్టిగా చదివి వినిపించాలట. మీ పెద్దమ్మ వాళ్ళకి నిన్న తనే ఫోన్ చేసి చెప్పారు. పెద్దమ్మకి చెముడు కదా, అరిచి చెప్పాల్సి వచ్చింది. వీధి వీధంతా విన్నది.

ఇవాళ పొద్దున్నే డాక్టరమ్మ వచ్చి, ఎడమసగం పాలు ఇక తాగొచ్చని చెప్పి వెళ్ళింది. అత్తయ్యే పితికారు. నేను కాచి, గ్లాసులో పోసి ఇచ్చి, అలవాటు ప్రకారం పక్కన నిలబడ్డాను. ఒక గుక్క తాగారు. నోట్లో అటూ ఇటూ తిప్పి మింగారు.

"చప్పగా ఉన్నాయే!" అన్నారు.

నాకు నవ్వు వచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ముక్కులోంచి వచ్చేసింది. గోడ పట్టుకుని, కింద కూర్చుండిపోయి, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. అత్తయ్య కూడా నవ్వారు, పాలు ఒళ్ళో ఒలికాయి. ఏమైందోనని ఇన్‌స్పెక్టరమ్మ పెరట్లోంచి ఒకటే అరుపు. మీ తమ్ముడు పోయాక ఈ ఇంట్లో నవ్వు వినిపించడం ఇదే మొదలు.

నవ్వు ఆగాక అత్తయ్య గ్లాసు నావైపు చాపారు. "నువ్వూ తాగి చెప్పు. నా ఒక్కదాని నోటిమాట మీద ఏదీ తేల్చొద్దు ఇక" అన్నారు. ఆ వాసన నాకు గిట్టదని మీకు తెలుసు. ముక్కు మూసుకుని ఎడమచేత్తో గ్లాసెత్తి తాగాను. వాసన వాసనే వదినా. ఉప్పు మాత్రం లేదు.

ఆదివారం ఎదురుచూస్తూ,
మీ మరదలు